నాలుగు కుటుంబాల కంప్యూటర్లు

మా చర్చి కమిటీకి పాడైనదాన్ని బాగుచేయించడం ఏనాడూ చేతకాలేదు. గంట తాడు తెగితే వానాకాలం వెళ్ళేదాకా గరిటెతో పళ్ళెం కొట్టి ఆరాధన మొదలుపెట్టాం. బాగున్నదాన్ని మార్చమంటే మాత్రం మావాళ్ళు ఆదివారం మధ్యాహ్నం అన్నం సంగతి కూడా మరిచిపోయి కూర్చుంటారు. సండే స్కూలు హాల్లోని కంప్యూటర్లకు పట్టించిన గతి అలాంటిదే.

సికింద్రాబాద్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు బయటికొచ్చే రోజులవి. ఇంజినీరు లేని ఇంట్లో కోచింగ్‌కు పోయేవాడైనా ఉండేవాడు. మా చర్చి కుర్రాళ్ళు ఆదివారం ఆరాధనకు కూడా కంపెనీ కార్డు మెడలో వేసుకునే వచ్చేవారు. దేవుడు గేటు దగ్గర నిలబెట్టి కార్డు చూపించమంటాడని భయమో ఏమో. వాళ్ళ తల్లులు మరీ ఎక్కువ. ప్రసంగం నడుస్తుండగానే కొడుకు జీతం పక్కావిడ చెవిలో వేసేవారు.

అలాంటి ఒక కంపెనీవాళ్ళు పారేయబోయిన ఎనిమిది కంప్యూటర్లు ట్రాలీ ఆటోలో మా చర్చికి వచ్చాయి. అప్పటికే ముసలివి. వాటిలో కొత్త విండోస్ వేస్తే తెర వెలిగేలోపు ఒక కీర్తన పాడుకోవచ్చు. నేనప్పుడు రైల్వే ఆఫీసులో టైపిస్టును. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టినప్పుడు తిట్టుకుంటూనే నేర్చుకున్నదాన్ని. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో తేలికపాటి లినక్స్ ఒకటి దొరికింది. లినక్స్ అంటే కంప్యూటర్‌ను నడిపించే అసలు సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొనక్కర్లేనిది. దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు కూర్చి, ఒక పేరు పెట్టి, లోకానికి పంచుతుంటారు. నాకు దొరికినదాన్ని ఎక్కడో ఒకే ఒక్క మనిషి పాత కంప్యూటర్ల కోసమే కూర్చాడు. ఎనిమిదింటిలోనూ నేనే వేశాను. ఎనిమిదీ లేచి కూర్చున్నాయి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చుట్టుపక్కల ఆడవాళ్ళకు నేర్పేదాన్ని. వాళ్ళలో ఒకామె గురించే ఇదంతా. ముప్పై దాటిన మనిషి. బోయిగూడలో మా చర్చి వెనక సందులో ఉండేది. చర్చిలో వెనక చాప మీద కూర్చునేవాళ్ళలో ఒకతె. కార్ఖానా అనే పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. చంటి తరగతుల పిల్లల ముక్కులు, ముడ్లు కడగడం ఆమె పని. కూతురు కూడా ఆ స్కూల్లోనే చదివేది. ఆయమ్మ బిడ్డా అని తోటి పిల్లలు పిలిస్తే ఆ పిల్ల ఇంటికొచ్చి అన్నం తినేది కాదట.

ఆ స్కూలు ఆఫీసులో ఫీజు రసీదులు కొట్టే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతోంది. స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు ఈమెతో, నువ్వు పది పాసయ్యావు కదా, ఎండాకాలం సెలవులయ్యాక కంప్యూటర్ మీద ఒక ఉత్తరం కొట్టి, అచ్చు తీసి చూపించు, ఆ పని నీకే ఇస్తానన్నారు. ఆ మాట చెప్పడానికి ఆమె బస్టాపు నుంచి హాలుదాకా పరిగెత్తుకొచ్చింది.

"గా కుర్చీల కూసుంటే సాలు టీచరమ్మా. జీతం ఎక్కువియ్యకున్నా మంచిదే. నా బిడ్డ ఆఫీసు ముంగటికెల్లి పోతుంటే నేను కుర్చీల కనబడాలె."

ఆమెకు మొదట మౌస్ పట్టుకోవడమే భయం. పురుగును పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకునేది. నెమ్మదిగా చెయ్యి కుదిరింది. తెర కింద ఎడమ మూలన ఒక బొత్తాం, అది నొక్కితే ఒక వరస, ఆ వరసలో ఉత్తరాలు రాసేది. ఈస్టరుకు ముందు శ్రమల దినాలు వచ్చేసరికి తలెత్తకుండా సెలవు చీటీ కొట్టి, అచ్చు తీసి, నా చేతిలో పెట్టింది. పైన తేదీ, కింద 'ఇట్లు తమ విధేయురాలు' తో సహా. ఇంకేం, గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఇంతలో మా డాక్టరమ్మ గారి అబ్బాయి ఒక ఆదివారం ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాడు. పెళ్ళి ప్రకటనకూ స్త్రీల సమాజం కూడికకూ మధ్యన, మైకు పట్టుకుని, మన కంప్యూటర్లలో ఉన్న లినక్స్ ఆగిపోయిందని చెప్పాడు. దాన్ని కూర్చే ఆయన ఇక నావల్ల కాదని నెట్‌లో రాశాడట. ఎవరో పోయినట్టు చర్చిలో అందరూ నోరు చప్పరించారు. వాళ్ళలో సగం మంది ఆ కంప్యూటర్ల గదిలో ఒక్కసారి కూడా అడుగుపెట్టినవాళ్ళు కాదు.

బయటికొచ్చాక ఆ అబ్బాయిని చెట్టు కింద పట్టుకున్నాను. "ఆగిపోవడమేంటి బాబూ? నిన్న సాయంత్రం కూడా నడిచాయి."

"నడుస్తాయాంటీ. కానీ సపోర్ట్ ఉండదు. అప్‌డేట్స్ రావు. సెక్యూరిటీ రిస్క్."

"వాటికి నెట్టే లేదు కదయ్యా. అప్‌డేట్లు ఇంతకుముందూ రాలేదు. ఇక దొంగ ఎటునుంచి వస్తాడు?"

"మీకు అర్థం కాదాంటీ," అన్నాడు జాలిగా. మా చర్చిలో ఆ మాట అన్నవాడే పండితుడు. అంతటితో నా మాట చెల్లకుండా పోయింది. పాతదాని బదులు కొత్తదాన్ని ఎంచడానికి కమిటీ కూర్చుంటుందని సెక్రటరీ గారు ప్రకటించారు.

సెక్రటరీ గారు బ్యాంకులో రిటైరైన మనిషి. ప్రార్థన చేసినా తీర్మానం చదువుతున్నట్టే ఉంటుంది. ఆయన అధ్యక్షతన నాలుగు కుటుంబాలు తమ తమ ఇంజినీర్లను వెంటబెట్టుకుని వచ్చాయి. కొత్త పాస్టరు ఎవరు రావాలని బిషప్ గారికి అర్జీలు పెట్టినప్పుడు కూడా ఇంత హడావిడి చేయలేదు.

ముందు డాక్టరమ్మ గారి అబ్బాయి. తన లాప్‌టాప్ తెరిచి మీట ఏదో నొక్కాడు. తెర మొత్తం పెట్టెలా మారి గిర్రున తిరిగింది. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. పెద్దలంతా "అబ్బ, అబ్బ" అన్నారు. మళ్ళీ తిప్పమన్నారు. మళ్ళీ తిప్పాడు. "ఆ పెట్టె తిరిగితే ఉత్తరం దానంతటదే కొట్టుకుంటుందా?" అని అడిగాను. డాక్టరమ్మ గారు నాకేసి చూసిన చూపు, మందు చీటీ లేకుండా మందడిగినవాళ్ళ వైపు చూసే చూపు.

తర్వాత కాంట్రాక్టరు గారి అల్లుడు. ఆయన తెచ్చినది అచ్చం విండోస్‌లాగే ఉంటుందట. నా పాతదీ అలాగే ఉంటుంది కదా, దానికీ దీనికీ తేడా ఏమిటని అడిగితే, ఇది కొత్తదన్నాడు.  

మూడోవాడు సెక్రటరీ గారి సొంత కొడుకే. వాడి తెర మీద ఏమీ ఉండదు. నల్లగా ఉంటుంది, అంతే. బొత్తాల్లేవు, వరసల్లేవు. కుడి పక్క నొక్కితే ఏదో చిన్న డబ్బా వస్తుంది, లేదా ఆజ్ఞలన్నీ చేత్తో కొట్టుకోవాలి. "ఇదే నిజమైన లినక్స్. మిగతావన్నీ పిల్లలాటలు," అన్నాడు వాడు. తండ్రికి ఒక్క ముక్క అర్థం కాలేదని ఆయన మొహమే చెప్పింది. అయినా గర్వంతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

నాలుగోది మా పాస్టరు అయ్యగారి మేనల్లుడు తెచ్చాడు. అందులో బైబిలు ముందే వేసి ఉందట. తెర మీద సిలువ, తెరవగానే రోజుకో వాక్యం. బాగుంది, కానీ మా ముసలి కంప్యూటర్లో అది వేసి చూపిస్తుంటే ఆ వాక్యం రావడానికే హాల్లో కాఫీలు తాగడం అయిపోయింది. అయినా దాన్ని వద్దని చెయ్యెత్తే గుండె ఎవరికుంది? బైబిలున్నదాన్ని ఓడించినవాడని జన్మంతా చెప్పుకుంటారు. కాంట్రాక్టరు గారు మాత్రం వీటిలో ఏది ఎక్కువ ఖరీదో అది వేయించండన్నారు. అన్నీ ఉచితమేనని తెలిసి, ఊరికే వచ్చేవాటి మీద ఆయనకు నమ్మకం పోయింది.

నేను లేచాను. "వీటిలో ఏది మంచిదో తేల్చడం చాలా తేలికండీ. మన ఆయమ్మ ఉంది కదా, సెలవులయ్యాక ఆమెకు పరీక్ష ఉంది. ఆమెను నాలుగింటి ముందూ కూర్చోబెడదాం. ఏ దాంట్లో గబగబా ఉత్తరం కొట్టి అచ్చు తీయగలిగితే అదే వేసుకుందాం."

 సెక్రటరీ గారు నవ్వారు. "సిస్టర్, ఇంతమంది ఇంజినీర్లను కూర్చోబెట్టుకుని ఆయాని అడిగి ఎంచుకోమంటారా?" అందరూ నవ్వారు. ఇంజినీర్లు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

ఎవరి కొడుకును కాదన్నా ఆ కుటుంబం మరుసటి ఆదివారం ఇంకో చర్చిలో కనిపిస్తుంది. ఆ భయం అయ్యగారిది. ఆయన ప్రార్థన చేయించి, కళ్ళు తెరిచి, అందరికీ శాంతి సమాధానాలు కలిగే మార్గం చెప్పారు. కంప్యూటర్లు ఎనిమిది, కుటుంబాలు నాలుగు. ఒక్కో కుటుంబం రెండేసి తీసుకుని తమకు నచ్చింది వేయించాలి. "ఆమెన్" అని అందరూ అరిచినంత పని చేశారు. మా చర్చిలో ఫ్యాను రెక్కల మీద, గోడ గడియారం మీద, చివరికి చెంబుల స్టాండు మీద కూడా ఇచ్చిన కుటుంబం పేరు రాసి ఉంటుంది. కంప్యూటర్లకు మాత్రం మినహాయింపు ఎందుకు? వారం తిరక్కుండానే ఎనిమిదింటి నుదుటా స్టిక్కర్లు పడ్డాయి. ఫలానా వారి కుటుంబం, తాతగారి జ్ఞాపకార్థం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంజినీర్లు కదా, పాస్‌వర్డు పెట్టకపోతే వాళ్ళ చదువుకు అవమానం. ఒక్కో కుటుంబం తమ తాతగారి పేరే పాస్‌వర్డుగా పెట్టింది. అంటే మా గదిలో కంప్యూటర్ తెరవాలంటే ముందు అది ఏ కుటుంబానిదో చూసుకోవాలి, తర్వాత ఆ కుటుంబంలో పోయిన పెద్దాయన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. చేప బుట్టలు మోసుకునే ఆవిడ కూడా డాక్టరమ్మ గారి మామగారి పేరు తప్పు లేకుండా కొట్టడం నేర్చుకుంది. నా తరగతిలో ఆ ఎండాకాలం నేర్పిన గొప్ప విద్య అదే.

ఆయమ్మ మాత్రం నిజంగా పరేషాన్ అయింది. ఒకనాడు తిరిగే పెట్టె ముందు, ఒకనాడు నల్ల తెర ముందు. ఏది ఖాళీగా ఉంటే దాని ముందు కూర్చోవాలి. విండోస్‌లా ఉండే కాంట్రాక్టరు గారి రెండింటినీ ముందొచ్చినవాళ్ళే పట్టేసేవారు. పెట్టె తిరిగేవి మాటిమాటికీ బిగుసుకుపోయేవి. బైబిలువి లేచేసరికి ఆమె బిడ్డను ట్యూషన్ నుంచి తీసుకురావాల్సిన వేళయ్యేది.

"టీచరమ్మా, నిన్న గా బటన్ కింద ఉండె గదా. ఇయ్యాల పైకెక్కింది. ఎట్ల?"

"ఇది డాక్టరమ్మ గారిదమ్మా. పైన ఉంటుంది."

"మరి సెక్రటరీ సార్ వాళ్ళదాంట్ల?"

"దాంట్లో అసలు లేదు. కుడి పక్క నొక్కు."

ఆమె తలూపేది. ఏ కుటుంబానిది ఎలా నడుస్తుందో నోట్లో గొణుక్కునేది. వేళ్ళు మళ్ళీ మొదటి రోజుల్లోలాగా బిగుసుకున్నాయి. చూస్తూ ఊరుకోలేకపోయాను. పాత సీడీ నా దగ్గరే ఉంది కదా, మూలనున్న ఒక కంప్యూటర్లో దాన్నే మళ్ళీ వేసి, ఇది నీదే, దీని మీదే కూర్చో అన్నాను. ఆమె మొహం విప్పారింది. ఆ సాయంత్రం ఉత్తరం మళ్ళీ గడగడా కొట్టింది. ఆ మరుసటి ఆదివారం డాక్టరమ్మ గారి అబ్బాయి నవ్వుతూ నా దగ్గరకొచ్చాడు. "ఆంటీ, మా తాతగారి కంప్యూటర్లో ఎవరో పాతది వేసేశారు. నేను ఫిక్స్ చేసేశా. సీడీ కూడా పారేశా, మళ్ళీ ఎవరూ పొరపాటు పడకుండా." నేను సీడీ ఆ కంప్యూటర్లోనే మరిచిపోయాను. సెక్రటరీ గారి దగ్గరికెళ్ళి అడిగాను, పాతది మళ్ళీ ఎక్కడైనా సంపాదించి వేస్తాను, ఆ ఒక్కదాన్ని వదిలేయండని బతిమాలాను కూడా. "ఏ కుటుంబం స్టిక్కరు పీకమంటారు సిస్టర్, మీరే చెప్పండి," అన్నారాయన. ఏ స్టిక్కరైనా పర్వాలేదు, నాలుగూ నేనే పీకుతానన్నాను. ఆయన మొహం తిప్పుకున్నారు.

బడులు తెరిచారు. పరీక్ష రోజు ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వెళ్ళింది. సాయంత్రం హాలుకు రాలేదు. మర్నాడు కూడా రాకపోతే నేనే సందులోకి వెళ్ళాను. గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. జరిగింది తలెత్తకుండానే చెప్పింది.

కరస్పాండెంట్ గారు ఆమెను ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అదే ఆ కుర్చీ. తెర మీద పాస్‌వర్డు అడుగుతోంది. ఈమె ముందు తెర పైన స్టిక్కరు కోసం చూసింది. లేదు. పక్కన చూసింది. వెనక్కి వంగి చూసింది. ఆఖరికి ఆయన వైపు తిరిగి అడిగిందట.

"సార్, ఇది ఎవరి కుటుంబానిది?"

ఆయనకు అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"ఎవరి కుటుంబానిదో చెప్తే పేరు కొడ్త సార్. వాళ్ళ తాత పేరు."

ఆయన పగలబడి నవ్వాడట. గుమస్తాను కూడా పిలిచి వినిపించాడట. తర్వాత తనే పాస్‌వర్డు కొట్టి, కానివ్వు అన్నాడు.  ఈమె బొత్తాం పైన వెతికింది. కుడి పక్క నొక్కింది. ఏదేదో డబ్బా వచ్చింది, పోయింది. మళ్ళీ నొక్కింది.  ఆయన గడియారం చూసుకుని, బాగా నేర్చుకుని వచ్చే ఏడు రామ్మా అన్నాడు. ఆ కుర్చీలో ఇప్పుడు గుమస్తా మరదలు కూర్చుంటోంది.

"బొత్తాం ఎక్కడుంది దాంట్లో?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"కింద ఎడమ మూలకే ఉండె టీచరమ్మా. మన పాత దాంట్ల ఉన్న కాడనే. బయటికొచ్చినంక యాదికొచ్చింది."

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటతోనే సెక్రటరీ గారి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. తప్పు మనదని చెప్పాను, మన స్టిక్కర్లు ఆమె నోటిదాకా వచ్చిన అన్నం తీసేశాయని చెప్పాను. ఆయన మొదటి సగం మాత్రమే విన్నారు. కరస్పాండెంట్‌ను ఆమె అడిగిన ప్రశ్న దగ్గరికి రాగానే నవ్వు ఆపుకోలేక కాఫీ కప్పు కింద పెట్టేశారు.

ఆ నెలాఖరు ఆదివారం ప్రేమ విందు. చర్చి ఆవరణలో షామియానా వేసి, అందరం బల్లల ముందు కూర్చుని తింటున్నాం. సెక్రటరీ గారు చేతిలో కోడి ముక్కతో లేచి, ఒక మంచి ముచ్చట చెబుతానన్నారు. చెప్పారు. పేరు చెప్పలేదు కానీ, ఆమె ఎలా వెనక్కి వంగి స్టిక్కరు వెతికిందో నడుం వంచి మరీ చూపించారు. "ఇది ఎవరి కుటుంబానిది సార్!" అని ఆమె గొంతుతో అన్నారు. షామియానా కింద నవ్వులే నవ్వులు. డాక్టరమ్మ గారు కళ్ళు ఒత్తుకున్నారు. ఇంజినీర్లు బల్లలు చరిచారు. అయ్యగారు కూడా నవ్వు దాచుకోవడానికి మజ్జిగ గ్లాసు ఎత్తారు. వాళ్ళెవరూ మరి ఆ తాతగారి పేర్లు పెట్టిన తెలివి ఎవరిదని ఒకరినొకరు అడగలేదు. ఇంతటి సిగ్గులేనితనం చదువుకుంటే తప్ప రాదు.

చివరి బల్ల దగ్గర కూతురితో కూర్చుని ఆమె కూడా నవ్వింది. మామూలుగా కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది. కూతురు విస్తరిలోకే చూస్తూ కూర్చుంది.

నేను విస్తరి వదిలేసి లేచాను. చేతులు కడిగే దగ్గర ఆమెను నిలదీశాను. "నువ్వెందుకు నవ్వావే? వాళ్ళు నవ్వింది నిన్ను చూసి. నీ కుర్చీ పోగొట్టింది వాళ్ళు."

ఆమె కుళాయి కట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"అందరు నవ్విండ్రు గద టీచరమ్మా. నేను నవ్వకుంటే, గాళ్ళు నవ్వింది నన్నే అని నా బిడ్డకు తెల్వదా?"